బోణీ కానిదే లేవని సర్వర్

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మా ఇంట్లో బల్లి కనిపిస్తే, నేను చెప్పేసరికి అది ఉడుమైపోతుంది. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి, మిగతా సగం పక్కింటివాళ్లను అడిగి నమ్ముతుంది. కాబట్టి ఇందులోనూ ఒక ముక్క కల్పించాను. అదేదో చివర్లో చెబుతాను. మిగతాదంతా జరిగింది. జరిగినందుకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

దయ్యాలను నేను నమ్మను. సర్వర్లు బాగుచేసుకుని బతికేవాడికి ఆ సౌకర్యం లేదు. చెడిన ప్రతి యంత్రం వెనకా ఎవరో ఒకరు చేసిన వెధవపని ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇన్నేళ్లూ నా మతం అదే.

అఫ్జల్‌గంజ్‌లో ఒక మసాలా దినుసుల హోల్‌సేల్ దుకాణం ఉంది. పేరు చెప్పను. దాని యజమాని, అందరూ పెద్ద సేటు అనే ఆయన, పోయాక కూతురు రజిత గల్లా మీద కూర్చుంది. హోటళ్లవాళ్లు పొద్దున్నే ఫోన్‌లో ఏలకులు, లవంగాలు ఆర్డర్ పెట్టుకునేలా ఒక వెబ్ అప్లికేషన్ చేయించింది. లోపలి గదిలో తండ్రి కూర్చునే గద్దె తీయించి, సరిగ్గా ఆ మూలనే సర్వర్ పెట్టించింది. దాని బాగోగులు నాకు అప్పజెప్పింది.

పొద్దున సర్వర్ వేయగానే పడిపోయేది. అది తన పనులు రాసుకునే లాగ్‌లో 'మొదలవుతోంది' అని ఒక వరుస, ఆ తర్వాత శూన్యం. తిట్టి పోయేవాడినైనా క్షమించవచ్చు. కారణం చెప్పకుండా పోయేవాణ్ని ఏం చేయాలి? మళ్లీ వేస్తే మళ్లీ పడేది. పడ్డ ప్రతిసారీ ఆ మూలలోంచి పాన్ జర్దా వాసన గుప్పుమనేది. కాసేపటికి, దానికి బుద్ధి పుట్టినప్పుడు, ఏమీ ఎరగనట్టు లేచి కూర్చునేది. ఈలోగా హోటళ్లవాళ్లు పక్క దుకాణానికి పోయేవారు.

అసలు సర్వర్‌ను ఆపకండి తల్లీ అని మూసీ అవతలి ఒడ్డుకు వినపడేలా మొత్తుకున్నాను. రాత్రి షట్టర్ దించితే మెయిన్ స్విచ్ బంద్ చేయడం ఆ ఇంటి పద్ధతి.

"బాపు ఉన్నప్పటి సంది గిదే కాయిదా అన్నా" అంది రజిత. "గిన్ని మిరపకాయ బస్తాలుంటయి. కరెంటు ఇడిసిపెట్టి పోతె నాకు నిద్ర పడ్తదా?"

ఆమెకు ఇది ఆట కాదు. దుకాణంలో సగం వాటా బాబాయి రాజేశానిది. ఆయన వచ్చి నా ముందే అన్నాడు, "డబ్బ పెట్టుకొని దుకాణం ముంచుతున్నవు బిడ్డా. ఈ నెల చూస్త. అది నడవకపోతె గల్లా మీద నేను కూసుంట, నువ్వు ఇంట్ల కూసో." బిడ్డా అనే మాటను అంత విషంగా పలకవచ్చని అప్పుడే తెలిసింది.

ఆ కోపంతో సర్వర్‌ను ఆటోలో వేసుకుని సైదాబాద్‌లో మా ఇంటికి తెచ్చాను. వారం పాటు పొద్దున్నే వేశాను. పెళ్లికూతురిలా లేచింది. దుకాణానికి తీసుకుపోయాను. పడింది. డిస్కు మార్చాను, మెమరీ మార్చాను, వైర్లు మార్చాను, ఎలక్ట్రీషియన్‌ను మార్చాను. ఇక మిగిలింది నేనొక్కణ్నే. "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడు సార్" అని సలహా ఇచ్చిన మా ఆఫీసు కుర్రాడితో ఇప్పటికీ మాటల్లేవు.

ఒక పొద్దున ఖదీర్ భాయ్ స్వయంగా వచ్చాడు. శాలిబండలో బిర్యానీ హోటల్ ఆయనది. ఆయన కోపం నా కోపానికి పెద్దన్న.

"క్యా మియా, ఫిర్ సో గయా తుమ్హారా డబ్బా? మళ్ల పండిందా? మీ డబ్బ లేచేదాక నా బిర్యానీ దేగ్ ఆగుతదా?"

షాజీరా, యాలకులు చేతికి తీసుకుని నోటు ఇచ్చాడు. రజిత దాన్ని కళ్లకద్దుకుని గల్లాలో వేసింది. ఆ క్షణాన నేను కసికొద్దీ మీట నొక్కాను. సర్వర్ లేచింది.

మర్నాడు గమనించాను. ఆ మర్నాడూ. బోణీ అయ్యేదాకా పడుతుంది, బోణీ కాగానే లేస్తుంది.

పెద్ద సేటు ఉన్నప్పుడు ఆ దుకాణంలో బోణీ కాకుండా చిల్లర ఇవ్వరు, అరువు ఇవ్వరు, ఫోను కూడా ఎత్తరట. సరే, ప్రోగ్రాము రాసినవాడు ఆనాటి మొదటి బిల్లు కోసం ఎక్కడో వెతికిస్తున్నాడేమో అనుకున్నాను. కోడంతా చదివాను. అలాంటిదేమీ లేదు. ఉన్నా లాభం లేదు. బోణీ చేతిమీది బేరం, మిషన్‌లో ఎక్కించరు. మరి దానికెలా తెలుస్తుంది?

పరీక్షించాను. నేనే జీలకర్ర పొట్లం కొన్నాను. రజిత నోటు కళ్లకద్దుకుంది. మీట నొక్కాను. పడింది.

రజిత నవ్వింది. "మీరు ఇంటి మనిషి లెక్క అన్నా. బాపు ఇంటోళ్ల చేతి బోణీ పట్టకపోతుండె."

అప్పుడే ఎవరో ముసలామె శొంఠి కొనుక్కుపోయింది. సర్వర్ లేచింది. నాకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. ఇంత చదువు చదివి, శొంఠి కొమ్ము ముందు ఓడిపోయాను.

నెలాఖరున రాజేశం పొద్దున్నే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏది, నడిపియ్యి."

పడింది. మళ్లీ వేశాను. పడింది. రజిత వీధిలోకి చూసింది, ఒక్క గిరాకీ లేదు. ఆగలేక నోరు జారింది, "బోణీ కాలే బాబాయ్. అయితె లేస్తది."

రాజేశం పకపక నవ్వాడు. "మిషన్‌కు బోణీ ఏంది బిడ్డా? గంతేనా? ఇగో తీస్కో." జేబులోంచి నోటు తీసి ఆమె చేతిలో కుక్కి, గుప్పెడు మిరియాలు తీసుకున్నాడు. "నొక్కు."

నొక్కాను. పడింది. జర్దా వాసన ముక్కు పగిలేలా వచ్చింది.

రాజేశం నవ్వు ఆగిపోయింది. ఆ మూలకే చూస్తూ, చాలా చిన్నగా, ఎవరితోనో అన్నట్టు అన్నాడు, "మా అన్న నా చేతి బోణీ ఎన్నడూ పట్టలే."

గుమ్మంలో ఖదీర్ భాయ్ తిట్టుకుంటూ దిగాడు. దాల్చినచెక్క తూకం అయింది, నోటు గల్లాలో పడింది. మీట నొక్కాను. లేచింది. ఆర్డర్లు టకటకా వచ్చి పడ్డాయి.

రాజేశం గది బయట చెప్పులు విడిచి వచ్చి, ఆ మూల ముందు ఒక్క నిమిషం నిలబడి, వెళ్లిపోయాడు. పోతూ నన్నడిగాడు, "ఏం ఖరాబైందే?"

"వోల్టేజి" అన్నాను.

రాజేశం మళ్లీ గల్లా మాట ఎత్తలేదు. గల్లా మీద రజితే. రోజూ ముందుగా ఖదీర్ భాయ్ వచ్చి బోణీ చేస్తాడు, తర్వాత సర్వర్ వేస్తారు. మనిషి నడిచి రాకుండా ఉండేందుకు చేయించిన యంత్రాన్ని లేపడానికి రోజూ ఒక మనిషి నడిచి రావాలి. దీనికి నేను నెల నెలా జీతం పుచ్చుకుంటున్నాను.

ఇక నేను కల్పించిన ముక్క. జర్దా వాసన. సేటు జర్దా నమిలేవాడో లేదో కూడా నాకు తెలియదు. ఏదో ఒకటి ఉంటే మీకు నమ్మడానికి వీలుగా ఉంటుందని పెట్టాను. నిజానికి ఆ గదిలో ఏ వాసనా లేదు, చప్పుడూ లేదు. సర్వర్ ఫ్యాన్ తిరుగుతోంది, దాని దీపం వెలుగుతోంది, అంతా మామూలుగా ఉంది. దాన్నే నేను క్షమించలేకపోతున్నాను.