కాళ్లు మాట వినని మనిషి

మా మరిది పనిచేసేది కర్టెన్ల గుడ్డ అమ్మే కొట్లో. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు కూర్చునేవాడు కాదు. తానులు దించేవాడు, మళ్లీ సర్దేవాడు, బేరం లేకపోతే ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచేవాడు. షావుకారు మురిసిపోయి, "అతన్ని చూసి నేర్చుకోండి" అంటూ మిగతావాళ్ల స్టూళ్లన్నీ అటకెక్కించాడు. దాంతో తోటివాళ్లు మావాడికి చక్రాలయ్య అని పేరు పెట్టి, మాట్లాడటం మానేశారు.

ఇంట్లో భాగోతం షావుకారుకేం తెలుసు? కంచం చేత్తో పట్టుకుని తిరుగుతూ తినేవాడు. కాలుగాలిన పిల్లైనా కాసేపటికి ఎక్కడో ఒకచోట పడుకుంటుంది, ఇతనికి అదీ లేదు.

ఏడాది కిందట అతనికి జబ్బు చేసింది. గోడల్లోంచి ఎవరో తిడుతున్నారని చెవులు మూసుకుని మంచం కింద దూరేవాడు. మందులతో ఆ గొంతులు పోయాయి, కొట్లో పని దొరికింది. అంతలో ఈ నడక మొదలయ్యేసరికి నాకు భయం పట్టుకుంది. జబ్బు తిరగబెట్టిందేమో! ఆసుపత్రిలో డాక్టరూ అలాగే అనుకుని మోతాదు పెంచాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, నడక ఇంకా ఎక్కువైంది.

ఒకరోజు మాత్రల డబ్బా పట్టుకుని చెత్తబుట్ట దగ్గరికి వచ్చాడు.

"ఇవి పారేస్తా వదినా. ఓ చోట కూర్చోలేని బతుకు ఓ బతుకా?"

"పారేసి మళ్లీ మంచం కింద దూరతావా?" అని అరిచాను. భయమేస్తే నాకు కోపమే వస్తుంది. "రేపు ఇద్దరం వెళ్లి అడుగుదాం. అందాకా వాటి జోలికెళ్లావో, నేనూరుకోను!"

మర్నాడు ఆసుపత్రిలో ఆ డాక్టరు బదులు ఒక డాక్టరమ్మ ఉంది. ఆమె గదిలోనూ మావాడు పచార్లే. ఆమె కాసేపు అతని కాళ్లకేసి చూసింది.

"నడుస్తూనే చెప్పండి. కంగారు మీ మనసులో ఉందా, కాళ్లలోనా?"

"మనసు కుదురుగానే ఉంది మేడమ్. కాళ్లే నా మాట వినట్లేదు. కూర్చుంటే లోపల చీమలు పాకినట్టుంటుంది, లేస్తేగానీ ఊపిరాడదు."

"జబ్బు తిరగబెట్టలేదండీ. ఇది మందు చేస్తున్న పని. అలాగని మీ అంతట మీరు ఆపకండి. నేను మెల్లగా తగ్గించి వేరేది ఇస్తాను."

మరిది నడుస్తూనే ఏడ్చాడు. ఆ మాట కోసం ఎంత ఎదురుచూశాడో అప్పుడు తెలిసింది నాకు.

మందు మారుతున్నన్నాళ్లూ ఇంట్లో అందరం గోడలకేసి భయంగా చూశాం. గొంతులు రాలేదు. నడక మాత్రం కొంచెం కొంచెంగా తగ్గింది.

ఓ మధ్యాహ్నం క్యారేజీ ఇద్దామని కొట్టుకి వెళ్లాను. బేరాల్లేవు. మావాడు తానులకి వీపు ఆనించి, నేల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. గల్లా దగ్గర్నుంచి షావుకారు కంగారుగా లేచి వచ్చాడు.

"ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?"

"ఇప్పుడే బాగైంది సార్," అన్నాడు మా మరిది, లేవకుండానే.