తలుపు మీద ఎర్ర ఇల్లు

మా ఆఫీసు లాబీలో కొత్తగా ఒక పెయింటింగ్ పెట్టారు. అందులో ఉన్నది మామూలు అపార్ట్‌మెంటే, కానీ వంకర గోడలు, రక్తమంత ఎరుపు, పైన ఆకుపచ్చ ఆకాశం. "చిన్నపిల్లలు వేసినట్టుంది" అని పక్కనున్నాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఎనిమిదేళ్లప్పుడు నేనూ అలాంటిదే వేశాను. అప్పుడు నగర శివారులోని పుప్పాలగూడలో రెండంతస్తుల ఇంట్లో, కింది గదిలో కిరాయికి ఉండేవాళ్లం. పక్కనే అపార్ట్‌మెంట్ టవర్లు కట్టడానికి బండలు పేల్చేవారు. పేలినప్పుడల్లా గిన్నెలు గలగలమనేవి, సున్నం అన్నంలో రాలేది. ఇల్లు భయపడి వణుకుతోందనుకునేదాన్ని. అందుకే గోడలు వంచి, కిటికీలు పెద్ద కళ్లలా తెరిచి, ఎర్రరంగు పూసి, ఆ బొమ్మను మా తలుపుకు బయట అంటించాను.

ఇంటి ఓనర్ చూసి మండిపడ్డాడు. "ఏంది గిది? ఇల్లు కూలేటట్టున్నదని ఊరంత చెప్తున్నవా? పై గదికి కిరాయికి ఎవరొస్తరు? తీసెయ్!"

"తియ్య. మా ఇల్లు గిట్లనే ఉంటది," అన్నాను.

ఆయన చింపడానికి చేయి చాపాడు. అమ్మ పిండి చేతులతోనే వచ్చి అడ్డంగా నిలబడింది. గది ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలో మాకు తెలియదు. అయినా, "పిల్ల ఉన్నదే గీసింది సార్. తియ్యం," అంది.

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. వానలకు రంగు కారిపోయేదాకా బొమ్మ అక్కడే ఉంది.

ఇళ్లకు భయం ఉండదని పెద్దయ్యాక తెలిసింది. పేలుడు వినబడగానే అమ్మ నన్ను ఒళ్లోకి లాక్కునేది. ఇంటిదనుకున్న ఆ వణుకు ఆమెది. నేను గీసింది తన భయాన్నేనని ఆమెకు అప్పుడే అర్థమై ఉంటుంది. అయినా తియ్యనివ్వలేదు.