కడిగితే రంగు పోయిన రాయి

అనుమానం పెనుభూతమని మా అత్త నన్ను ఎప్పుడూ దెప్పేది. ఏం చేయను? ఆర్మూరు మార్కెట్ యార్డులో పసుపు కొమ్ముల్లోంచి రాళ్లేరడం నా పని. పసుపంటిన రాయి అచ్చం కొమ్ములాగే కనిపిస్తుంది.

మా ఆయన అక్కడే కొమ్ములకు మెరుగుపెట్టే డ్రమ్ము తిప్పేవాడు. దుమ్ముపడ్డ నీళ్లు చేదని పొద్దంతా గొంతు తడుపుకునేవాడు కాదు. ఒక ఎండాకాలం నడుము పక్కన లేచిన నొప్పి గజ్జల దాకా పాకి, మనిషి నేలమీద పొర్లాడాడు. మూత్రంలో రాయి ఉంటుందన్నారు వాడకట్టువాళ్లు. పోచంపాడ్ దిక్కున ఒకడు నోటితో పీల్చి తీస్తాడనీ చెప్పారు.

పోయాం. వాడు మా ఆయన డొక్కకు నోరు పెట్టి జుర్రున పీల్చి అరచేతిలో ఉమ్మాడు. అందులో పచ్చటి రాయి!

"సూడు చెల్లె, పసుపు పనోళ్లకు కడుపుల రాయి గుడ పచ్చగనే ఉంటది."

వాని నోట్ల మన్నువడ, ఎంత తెలివి! రాయిని కొంగున కట్టి తెచ్చి, ఇంట్లో చెంబు నీళ్లలో వేసి రుద్దాను. నీళ్లు పచ్చబడ్డాయి. చేతిలో నల్ల కంకర మిగిలింది.

"గిది మన యార్డుల కంకరయ్యా! నీ రాయి నీ లోపల్నే ఉన్నది."

"నొప్పి పోయింది గదనే! నీకు దేవుని మీద గుడ అనుమానమే" అని అటు తిరిగి పడుకున్నాడు.

నొప్పి నిజంగానే పోయింది. నాకు భయమేసింది అందుకే. కొన్నాళ్లకే వణుకుతో జ్వరం వచ్చింది, మూత్రం ఎర్రగా బొట్టు బొట్టుగా పడింది. ఆయన వద్దంటున్నా వినక, బస్సెక్కించి నిజామాబాద్ దవాఖానకు లాక్కెళ్లాను.

ఎక్స్‌రే చూసి డాక్టరు నన్ను కసిరాడు. "రాయి కదలకపోతే నొప్పి ఆగుతుందమ్మా. ఆగితే పోయినట్టేనా? దారికి అడ్డంపడి లోపల చీము పట్టింది. ఇంకా ఆగితే మనిషి దక్కడు." రాయి చిన్నగా ఉన్నప్పుడే నీళ్లు బాగా తాగితే కొట్టుకుపోయేదేమోనని కూడా అన్నాడు.

కోసి తీశారు. నర్సు రాయిని సీసాలో వేసి నా చేతికిచ్చింది. మట్టిరంగు, పల్లేరుకాయలా ముళ్లు.

"గిదన్న నాదేనా?" అన్నాడు మా ఆయన, మంచం మీంచి నీరసంగా.

నాకూ అదే అనుమానం. నల్లా దగ్గరికి పోయి రాయిని బొటనవేలితో రుద్దాను. నీళ్లు తేటగానే పారాయి. మళ్లీ రుద్దాను. రంగు పోలేదు, వేలు గీసుకుని నెత్తురొచ్చింది. ఇది కడుపులో పెట్టుకునా ఆయన అన్నాళ్లు తిరిగింది! అక్కడే కూలబడి బోరుమన్నాను.

"నీదేనయ్యా," అన్నాను వచ్చి. "గిది నీదే."