ఇల్లుబండి వెనక జీపు

మా ఆయనకి బండి నడపడం వచ్చు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇకమీద నేను చెప్పేది విని ఆయనకేమీ రాదనుకుంటారు. గోదావరి గట్ల మీద ఇటుకల లారీ నడిపిన మనిషి ఆయన. ఎదురుగా బస్సు వస్తే కాలవలోకి జారకుండా వెంట్రుకవాసిలో తప్పించేవాడు. ఆయనకి రానిదల్లా ఒకటే. పక్కన పెద్దమనిషి నిలబడి చూస్తుంటే పని చెయ్యడం రాదు. ఎవరైనా గొంతు పెంచారా, కాళ్లూ చేతులూ ఆడవు. నాకు ఆ బాధ లేదు. మా ఇంట్లో గొంతు పెంచేది నేనే.

బహ్రెయిన్‌లో మేమిద్దరం ఒకే ఇంట్లో పనిచేశాం. ఈసా టౌన్‌లో ఉండేది ఆ ఇల్లు. ఆయన డ్రైవరు, నాది వంటా, ఇంటి పనీ. గేటు పక్కన మాకొక గది ఇచ్చారు. గల్ఫ్‌కి వెళ్లిన మొగుడూ పెళ్లాలకి ఒకే గది దొరకడమంటే మాటలు కాదు. మా వీధిలోంచే వెళ్లిన ఒకావిడ కువైట్‌లో, ఆవిడ భర్త సౌదీలో ఉండేవాళ్లు. రెండేళ్లకోసారి ఇద్దరికీ సెలవు ఒకేసారి కలిస్తే కలిసినట్టు, లేకపోతే లేదు. అందుకే పండక్కీ పబ్బానికీ నేను ఆ గది గడపకి పసుపు రాసేదాన్ని. ఇంటి మేడం చూసి నవ్వినా మానలేదు.

ఇంటి యజమానిని మేం బాబా అనేవాళ్లం. అక్కడి ఇళ్లలో పనివాళ్లంతా అలాగే పిలుస్తారు. ఆయనకి సిత్రాలో కాంట్రాక్టు కంపెనీ ఉండేది. దాన్ని ఆయన తమ్ముడు చూసుకునేవాడు. కువైట్ యుద్ధం అయిన కొన్నాళ్లకి, దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర బాబా ఒక పెద్ద బండి కొన్నాడు. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, అన్నీ ఉన్నాయి. మోటర్‌హోమ్ అంటారట. నేను ఇల్లుబండి అన్నాను.

చలికాలం వస్తే అక్కడివాళ్లు కుటుంబాలతో సఖీర్ ఎడారికి వెళ్లి గుడారాలు వేసుకుని గడుపుతారు. ఇల్లుబండి అక్కడ ఒకచోట నిలబెట్టి పడుకోడానికి పనికొస్తుంది గానీ ఇసకలో తిరగడానికి పనికిరాదు. తిరగడానికి బాబా దగ్గర ఒక ఫోర్‌వీల్ జీపు ఉంది. ఆ దొర అలాంటి జీపునే ఇల్లుబండి వెనక తగిలించి లాక్కెళ్లేవాడట. బాబాకి కూడా అలాగే ఊరేగింపుగా వెళ్లాలని ముచ్చట పుట్టింది. ఎలా తగిలించాలో మా ఆయనకి ఒక్కసారి చూపించాడు. గబగబా, గట్టిగా అరుస్తూ చూపించాడు. మా ఆయన తలూపాడు. ఆ ఊపడం చూస్తేనే నాకు తెలిసిపోయింది, బుర్రలోకి ఒక్క ముక్క ఎక్కలేదని.

మర్నాడు అన్నదమ్ములిద్దరికీ చాయ్ పట్టుకెళ్లాను. నాకు అరబ్బీ వంటింటి మేరకే వచ్చు. కానీ మన గురించి మాట్లాడుతుంటే ఏ భాషైనా అర్థమవుతుంది. తమ్ముడు అంటున్నాడు: ఇతని వల్ల కాదు, సిత్రాలో మన కంపెనీ పనివాళ్లుండే క్యాంపులో పెద్ద బండ్లు నడిపేవాడొకడున్నాడు, అతన్ని ఇంటికి తెచ్చుకుని ఇతన్ని క్యాంపుకి పంపు. బాబా, గురువారం చూద్దాం అన్నాడు. గురువారమే ఎడారికి బయల్దేరేది.

 గదికి వచ్చి మా ఆయనకి చెప్పాను.

“పోనీలేవే, సిత్రా ఎంత దూరం?” అన్నాడాయన, చొక్కా తగిలిస్తూ. “శుక్రవారం శుక్రవారం సెలవుకి వస్తాను కదా.”

నాకు ఒళ్లు మండిపోయింది. సిత్రా దగ్గరే, కాదనను. కానీ క్యాంపులో ఉన్నవాడికి ఓవర్‌టైం అంటే శుక్రవారం కూడా పోతుంది. ఇక్కడ నన్ను గేటు దాటనివ్వరు. అప్పుడు కువైట్‌లో ఉంటే ఏంటి, సిత్రాలో ఉంటే ఏంటి? ఈయనకి ఆ గది ఉన్నా ఒకటే, పోయినా ఒకటే కాబోలు అనుకున్నాను. ఆ బాధ ఆ వారమంతా పోలేదు.

బాధపడుతూ కూర్చుంటే పని జరగదు కదా. బాబా చూపించినప్పుడు నేను పక్కనే ఇల్లుబండి అద్దాలు తుడుస్తున్నాను. నాకు అంతా గుర్తుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇల్లంతా నిద్రపోయే వేళ, ఆయన్ని పెరట్లోకి లాక్కెళ్లేదాన్ని.

“నోటితో చెప్తూ చెయ్యి బావా. మనసులో అనుకుంటే కుదరదు,” అనేదాన్ని. మా మేనత్త కొడుకే ఆయన. పెళ్లయినా ఆ పిలుపు పోలేదు.

“ముందు బండికీ జీపుకీ మధ్య ఇనప చట్రం కలిపి పిన్నులు కొట్టాలి.”

“తర్వాత?”

“గొలుసులు. చట్రం కింద నుంచి అడ్డంగా, ఇటుది అటు, అటుది ఇటు.”

“ఎందుకలాగ?”

“చట్రం ఊడిపోతే కిందపడకుండా గొలుసుల మీద ఆగుద్దని. ఇప్పుడు పరీక్షలు కూడా పెడతావేంటే?”

పెట్టాను. లైట్ల వైరు కలిపావా, బ్రేకు తొక్కితే జీపు వెనక లైటు వెలిగిందా, స్టీరింగు బిగుసుకోకుండా తాళంచెవి ఒక మెట్టు తిప్పావా, హ్యాండ్‌బ్రేకు దించావా. అన్నిటికన్నా ముఖ్యమైనది చిన్న గేరు. ఆ జీపులో మామూలు గేరు పక్కనే చిన్న గేరు కర్ర ఇంకొకటి ఉంటుంది, ఫోర్‌వీల్‌కి. మామూలు గేరు పార్కులో ఉంచి, ఆ చిన్నదాన్ని సరిగ్గా న్యూట్రల్లో పెడితేనే చక్రాలు వాటంతటవే తిరుగుతాయి. ఒక్క మెట్టు తేడా వచ్చినా చక్రాలు బిగుసుకుపోతాయి. అలాగే లాక్కెళ్తే ఎడారి చేరేసరికి టైర్లూ, లోపలి గేర్ల పళ్లూ అన్నీ పోతాయి. ఇందులో ఇంకో తిరకాసు కూడా ఉంది. చిన్న గేరు న్యూట్రల్లో ఉన్నంతసేపూ పార్కు కూడా జీపుని ఆపదు. కాబట్టి విప్పేటప్పుడు ముందు హ్యాండ్‌బ్రేకు లాగి తీరాలి. అన్నిటికీ మించి, జీపు తగిలించాక వెనక్కి నడపకూడదు. వెనక్కి నడిపితే చట్రం మెలిపడి విరుగుతుంది. బుధవారం నాటికి మా ఆయన ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేలా తయారయ్యాడు.

గురువారం ఉదయం పెరడంతా జనం. మేడం, పిల్లలు, బాబా తల్లి, తివాచీలు, గొర్రె మాంసం డబ్బాలు. తమ్ముడు తన కారుకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా ఆయన జీపు తగిలిస్తుంటే బాబా పక్కనే నిలబడి యల్లా, యల్లా అని తొందరపెడుతున్నాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెదాలు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు. 

అంతా అయిందన్నాక నేను వంటింట్లోంచి నిమ్మకాయలు తెచ్చి ఇల్లుబండి చక్రాల ముందు పెట్టాను. కొత్త బండి మొదటిసారి ఊరు దాటుతుంటే నిమ్మకాయ తొక్కించకుండా ఎలా పంపుతాం? జీపు చక్రాల ముందు కూడా పెట్టాను. అది వెనక వచ్చేదే అయినా దాని చక్రాలు దానివే కదా. తమ్ముడు “శిను హాదా?” అని అడిగాడు, ఇదేంటని. నేను పలకలేదు. మంచి పని మధ్యలో వివరాలు చెప్పకూడదు.

ఇల్లుబండి కదిలింది. దాని కింద నిమ్మకాయలు టప్పుమని చితికాయి. జీపు కూడా కదిలింది. కానీ జీపు ముందు పెట్టిన నిమ్మకాయ చితకలేదు. చక్రం దాన్ని ముందుకు తోసుకుంటూ పోతోంది. వెనక ఇసకలో చాలు పడుతోంది.

“బావా, ఆపు!”

ఆ అరుపు పక్కవీధికి వినపడి ఉంటుంది. బండి ఆగింది. బాబా మొహం ఎర్రబడింది. తమ్ముడు, చూశావా అన్నట్టు అన్నని చూశాడు. మా ఆయన కిందికి దిగి ఆ చాలు చూశాడు. ఆయనకి వెంటనే అర్థమైంది, చిన్న గేరు ఒక మెట్టు తక్కువ లాగానని. నోరు తెరిచాడు. నాకు తెలుసు ఏమంటాడో. సారీ అంటాడు. అన్నాడంటే సాయంత్రానికల్లా మా గది ఖాళీ.

నేను అడ్డం పడ్డాను. అరబ్బీ, హిందీ, తెలుగు ఏది దొరికితే అది కలిపి దబాయించాను.

“బాబా, ఇది చెకింగ్! మా దేశంలో ఇలాగే చూస్తాం. నిమ్మకాయ చితికితే చక్రం తిరిగినట్టు. చితకలేదు, అంటే తిరగలేదు. తిరగకుండా వెళ్తే జీపు ఖలాస్. అందుకే ఆపాం. ఇప్పుడు ఆయన సరిచేస్తాడు, మళ్లీ నిమ్మకాయ పెడతాను, మళ్లీ చూస్తాం.”

మా దేశంలో జీపుని నిమ్మకాయతో చెక్ చేసినవాడు ఎవడూ లేడు. ఆ సంగతి మా ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ క్షణాన నేను చెప్పిన మాటలో అబద్ధం ఎంతుందో నిజం కూడా అంతే ఉంది. బాబా వంగి ఇసకలో చాలు చూశాడు. చెక్కుచెదరని నిమ్మకాయని తీసి చేతిలో తిప్పాడు. ఇంకా కోపంగానే “సరే, కానీ” అన్నాడు.

మా ఆయన జీపెక్కి ఇంజను వేసి, బ్రేకు తొక్కిపట్టి చిన్న గేరు మళ్లీ లాగాడు. ఈసారి పెదాల మీంచి మాట బయటికి వినపడుతోంది. ఒక్కొక్కటీ చెప్పుకుంటూ మొదటినుంచీ చూసుకున్నాడు. రెండోసారి అన్ని నిమ్మకాయలూ చితికాయి. బాబా తల్లి చప్పట్లు కొట్టింది.

దారి పొడవునా నేను వెనక అద్దం దగ్గరే కూర్చున్నాను. జీపు మనిషి లేకుండా మా వెంట వస్తుంటే పిల్లలకి నవ్వాగలేదు. మా ఆయన మలుపులు వెడల్పుగా తీసుకున్నాడు. కొంతదూరం పోయాక పక్కకి ఆపి, దిగి, జీపు చక్రాల మధ్య అరచెయ్యి పెట్టి వేడెక్కాయేమో చూశాడు. అది నేను చెప్పింది కాదు. లారీ రోజుల అలవాటు.

సఖీర్‌లో తారు రోడ్డు దిగాక తమ్ముడు తన కారుతో ముందు దారి చూపించాడు. ఆ దారి వెళ్లి వెళ్లి చమురు పైపుల దగ్గర ఆగిపోయింది. తిరగడానికి చోటు లేదు. తమ్ముడు కారులోంచి చెయ్యి బయటపెట్టి వెనక్కి, వెనక్కి అని ఊపుతున్నాడు. నేను లేచి ముందుకి వెళ్లబోయాను. అప్పటికే మా ఆయన ఇంజను ఆపేశాడు.

“జీపు ఉండగా వెనక్కి వెళ్లదు బాబా,” అన్నాడు నెమ్మదిగా. “విప్పాలి.”

దిగాడు. ముందు జీపు హ్యాండ్‌బ్రేకు లాగాడు, తర్వాతే పిన్నులు తీశాడు. తమ్ముడు కారు హారను కొడుతూనే ఉన్నాడు. ఆయన తొందరపడలేదు. బాబా ముందు సీట్లోంచి చూస్తూ కూర్చున్నాడు. నేను మళ్లీ నా చోటికి వచ్చేశాను. నాకు అక్కడ పనేమీ లేదు.

ఆ చలికాలమంతా ప్రతి గురువారం అలాగే వెళ్లాం. సిత్రా డ్రైవరు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. గది మాది మాకే ఉంది. నాకు గెలిచినట్టే అనిపించింది. మా ఊళ్లో ఇల్లు కట్టుకున్న రోజున కూడా అంత సంతోషం లేదు.

గుడారాలు ఎత్తేసిన వారం, నేను పెరట్లో ఇల్లుబండి గిన్నెలు తోముతున్నాను. మా ఆయన బండి కడుగుతున్నాడు. అన్నదమ్ములిద్దరూ వచ్చారు. తమ్ముడే మాట్లాడాడు. సిత్రాలో పెద్ద ట్రైలర్ వచ్చిందట. నిదానమైన మనిషి కావాలట. ఇంతకాలం చూశాను, నీలాంటివాడే కావాలి అన్నాడు. జీతం పెంచుతారట, హెవీ లైసెన్సు కూడా కంపెనీయే ఇప్పిస్తుందట.

 ఇది శిక్ష కాదు, పైకి తీసుకెళ్లడం. లారీ నడిపిన ఏ మగాడు ట్రైలర్ వద్దంటాడు? వద్దని నేనెలా అడ్డం పడతాను? నన్ను చూస్తాడేమో అని చూశాను. ఆయన నా వైపు చూడలేదు. చేతిలో తడిగుడ్డ పిండుతూ నేల చూస్తున్నాడు.

“లా, బాబా,” అన్నాడు. వద్దు బాబా అని.

“ఎందుకు?” తమ్ముడు గొంతు పెంచాడు. పిచ్చివాడివా, ఇలాంటి అవకాశం మళ్లీ రాదు అని అరిచాడు.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా మాట బయటికే వచ్చింది, ఆ వచ్చీరాని అరబ్బీలోనే.

“మా ఆవిడ ఒక్కత్తీ అన్నం తినదు.”

బాబా పకపకా నవ్వి, నిజమేనా అన్నట్టు నన్ను చూశాడు. నేను తల వంచుకుని గిన్నె తోమాను.

నేను ఒక్కదాన్నీ సుబ్బరంగా తింటాను. ఆయన ఎయిర్‌పోర్టుకి వెళ్లి ఆలస్యమైన రోజుల్లో కడుపునిండా తిని, నా కంచం కడుక్కుని పడుకునేదాన్ని. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. ఆయన మాత్రం ఎంత ఆకలేసినా, నేను మేడం పని ముగించుకుని గదికి వచ్చేదాకా గిన్నె మీద మూత తీసేవాడు కాదు. వడ్డించుకోడానికి బద్ధకం అనుకునేదాన్ని, అన్నేళ్లూ.