రెండో బ్రేకు

అక్క ఇంట్లో ఏడవడానికి చోటు లేదు. తినడానికి ఉంది, పడుకోవడానికి హాల్లో ఫ్రిజ్ పక్కన ఉంది, చాకిరీకైతే ఇల్లంతా ఉంది. ఏడవడానికే లేదు. స్నానాల గదిలో కుళాయి విప్పుకుని ఏడుద్దామంటే, "నీళ్లు ఊరికే రావడం లేదే!" అని అక్క తలుపు దబదబా బాదేది. వంటింట్లో కళ్లు తుడుచుకుంటే, "ఉప్పు నేను వేసేశాలే, నువ్వు వేరే కలపకు" అనేది. డాబా మీదికి వెళితే పక్కింటివాళ్లు బట్టలు ఆరేసుకుంటూ ఉంటారు. పోనీ రాత్రి దుప్పటి ముసుగులో అనుకుంటే, బావ నీళ్ల సీసా కోసం వచ్చి ఫ్రిజ్ తలుపు తీసేవాడు. ఆ వెలుతురు కొలిచి పోసినట్టు వచ్చి ఆమె మొహం మీదే పడేది.

ఆమెను అందరూ మాస్టారమ్మ అంటారు. ఐదో తరగతితో పలక పక్కన పెట్టేసిన మనిషి, ఎవరికీ ఏ పాఠమూ చెప్పలేదు. మొగుడు బ్రేకు మాస్టారు కాబట్టి ఆమె మాస్టారమ్మ అయింది. ఆయన కారు నడపడం నేర్పేవాడు. ఆ కారులో నడిపేవాళ్ల కాళ్ల దగ్గర ఉన్నట్టే, పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉండేవి. కొత్తవాళ్లు కంగారులో గోడ మీదికో మనిషి మీదికో పోనిస్తే ఆయన నోరెత్తకుండా తన బ్రేకు తొక్కేవాడు. ఆపాక కూడా తిట్టేవాడు కాదు. "గోడ వచ్చి మన మీద పడలేదులే. వెనక్కి తీయి" అనేవాడు, అంతే.

పెళ్లానికీ ఆయనే నేర్పాడు. పిల్లా పీచూ లేని ఇల్లు, సాయంత్రాలు ఖాళీ. ఆమె నడిపేది, ఆయన పక్కన కూర్చునేవాడు. ఆయన కాలు ఆ రెండో బ్రేకు మీద ఉందన్న ధైర్యంతో లారీల మధ్యలోంచి కూడా దూసుకుపోయేది. ఆయన ఉన్నన్నాళ్లూ ఒంటరిగా స్టీరింగు ముట్టుకున్నది లేదు.

ఆయన పోయింది కూడా ఆ పక్క సీట్లోనే. మైదానంలో ఒక బ్యాంకాయన చేత గుండ్రంగా తిప్పిస్తున్నాడట. ఎప్పుడు ఆగిందో గుండె ఆగిపోయింది. బ్యాంకాయన చూసుకోలేదు. మరో రెండు చుట్లు తిప్పాడు. "మాస్టారు కళ్లు మూసుకుంటే నేను బాగా నడుపుతున్నాననుకున్నానమ్మా. ఆపమనలేదు కదా" అని ఆమె ముందు నిలబడి వలవలా ఏడ్చాడు. ఆయన ఏడుస్తుంటే ఈమె మంచినీళ్లు ఇచ్చింది. అప్పుడూ తన వంతు రాలేదు.

అద్దె ఇల్లు ఖాళీ చేసి, కారుతో సహా అక్క ఇంటికి చేరింది. బావకు ఆ రెండు చుట్ల కథ భలే పనికొచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా తొడ చరుచుకుని మొదలుపెట్టేవాడు.

"మా తోడల్లుడు పోయాక కూడా రెండు చుట్లు పాఠం చెప్పాడండీ! అంత నిజాయితీ గల మాస్టారు దొరుకుతాడా ఎక్కడైనా?"

వచ్చినవాళ్లు నవ్వాలో వద్దో తెలియక ముందు అక్క మొహం చూసేవారు. అక్క నవ్వితే తామూ నవ్వేవారు. మాస్టారమ్మ కప్పులు అందించేది. బావకు కడుపులో పాత మంట ఒకటుంది. ఒకప్పుడు తనూ నేర్చుకుంటానని వచ్చి, నడివీధిలో మాస్టారు బ్రేకు తొక్కితే, "నలుగురిలో నన్ను ఆపుతావా" అని అలిగి దిగిపోయాడు. ఆ తర్వాత స్టీరింగు పట్టలేదు, ఆ మాట మరిచిపోనూ లేదు.

ఒకరోజు అలా వచ్చిన చుట్టం ఒకాయన చెప్పాడు: ఊరవతల రిజర్వాయరు పక్కన మైదానం ఉందట, జనం కార్లేసుకుని వెళ్లి అక్కడే రాత్రి పడుకుంటారట, కాపలా ఉంటుందట, ఒంటరి ఆడవాళ్లు కూడా వస్తారట. ఒంటరి అన్న మాట దగ్గరే మాస్టారమ్మ చెవి ఆగిపోయింది. ఒక్క రాత్రి. తలుపు బాదేవాళ్లు లేని ఒక్క రాత్రి దొరికితే గొంతు విప్పి ఏడ్చేసి, మర్నాడు వచ్చి మళ్లీ అంట్లు తోముకోవచ్చు.

"ఒక్క రాత్రి కారేసుకుని వెళ్లొస్తానే అక్కా."

"ఎవరితో?"

"ఎవరితోనూ కాదు."

"విన్నారా? మా చెల్లెలు షికారు వెళుతుందట!" అని అక్క లోపలికి కేకేసింది.

బావ పేపరు దించకుండానే అన్నాడు. "వెళ్లి రానీవే. కారు ఉన్నన్నాళ్లే కదా ఆ ముచ్చట."

కారుకు బేరం చూస్తున్నాడని ఆమెకు తెలుసు. ఇన్నాళ్లూ తిండి పెట్టినందుకు అది చెల్లు అని అక్క ముందే తేల్చేసింది. కాబట్టి వెళ్లాలంటే ఇప్పుడే.

పడుకోవడానికి ఏదో ఒకటి కొనాలి కదా అని అక్కను వెంటబెట్టుకుని కారులో దుకాణానికి వెళ్లింది. వెంటబెట్టుకోవడం ఏముంది, దిగగానే అక్కే ముందు నడిచింది. దుకాణం మనిషి నెమ్మదస్తుడు. "ఒక్కరేనా అమ్మా? గబుక్కున వేసుకోవాలి, సుఖంగా పడుకోవాలి, అంతేగా" అని వరసగా చూపించడం మొదలుపెట్టాడు.

మొదటిది కారు పైకప్పు మీద బిగించే పెట్టె. మూత ఎత్తితే గది అవుతుంది, నిచ్చెన వేసుకుని ఎక్కాలి.

"దీని మోకాళ్లకు అటక ఎక్కడమే గండం. రాత్రి ఒంటికొస్తే నిచ్చెన దిగేలోపు తెల్లారుతుంది" అంది అక్క.

రెండోది స్ప్రింగు టెంటు. అతను సంచిలోంచి తీసి గాల్లోకి విసిరాడు. నీళ్లు పడిన పిల్లిలా ఎగిరి, కింద పడేసరికి గుడారమై కూర్చుంది. మాస్టారమ్మ మొహం విప్పారింది. లోపల దూరి చూసింది. మెత్తగానే ఉంది. కానీ దాన్ని తిరిగి మడవడానికి దుకాణం మనిషి పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఇటు వంచితే అటు లేస్తుంది, మోకాలితో అదిమితే చెంప మీద కొడుతుంది. ఆఖరికి ఇంకో మనిషి వచ్చి మీద కూర్చుంటే గానీ సంచిలోకి పోలేదు.

"అచ్చం పెళ్లిలా ఉందే! వేసుకోవడం చిటికెలో, మడవాలంటే నలుగురు పెద్దమనుషులు కావాలి" అంది అక్క. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వులు చూసి అక్కకు ఊపొచ్చింది. "మా చెల్లిది మాత్రం దానంతటదే మడుచుకుపోయింది లెండి."

మాస్టారమ్మ టెంటు గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూస్తూ అడిగింది. "ఇందులోంచి చప్పుడు బయటికి వినబడుతుందా బాబూ?"

"ఏం చప్పుడమ్మా?"

"అదే... గురకో, ఏదో."

"గురక కాదు బాబూ, ఏడుపు!" అంది అక్క, దుకాణమంతా వినబడేట్టు. "తోడబుట్టినదాన్ని, నాకు తెలియదనుకుంది. మా ఇంట్లో ఏడవనివ్వడం లేదని అక్కడికి పోయి ఏడుస్తుందట. దానికి మంచి మెత్తటిది చూడు."

ఈసారి దుకాణం మనిషి నవ్వలేదు. గుడ్డ ఎంత మందమైనా గుడ్డేనమ్మా, దగ్గినా పక్కవాళ్లకు తెలుస్తుంది అన్నాడు. బయటికి వచ్చి కారు చూశాడు. దీన్ని మించిన గూడు లేదన్నాడు. ముందు సీటు వెనక్కి జరిపి, వీపు పడగొట్టి, సందులో దిండు కుక్కితే మంచమే. అద్దాలకు లోపలి నుంచి నల్లగుడ్డలు తగిలించుకుంటే ఎవరికీ కనబడరు. ఊపిరాడటానికి ఒక వైపు అద్దం వేలు పట్టేంత దించితే చాలు. గబుక్కున పరుచుకోవచ్చు, మడిచే పనే లేదు. ఇదంతా చెబుతూ లోపలికి వంగి, పక్క సీటు ముందున్న పెడళ్లు చూశాడు.

"ఇవొక్కటే కాళ్లకు అడ్డం. పీకించేయండి, బారచాపుకుని పడుకోవచ్చు."

"వద్దు" అంది మాస్టారమ్మ. ఆ మాట వచ్చిన వేగానికి అక్క కూడా తిరిగి చూసింది.

నల్లగుడ్డలు మాత్రం కొనుక్కుని వచ్చింది. ఆ మధ్యాహ్నం, అందరూ కునుకు తీసే వేళ, పెరట్లో ఉన్న కారెక్కి ఆయన సీట్లో పడుకుని చూసింది. ఆయన బరువుకు గుంటపడిన సీటు అది. నడుముకు సరిపోలేదు. కాళ్లు చాపబోతే బ్రేకు తగిలింది. చెప్పు విప్పి అరికాలు ఆనించింది. పైనున్న రబ్బరు ఒక వైపే అరిగి నున్నగా ఉంది. ఆయన కుడికాలు బొటనవేలి పక్కన ఎముక పొడుచుకొచ్చి ఉండేది, అందుకని పాదం వంచి అంచుతో తొక్కేవాడు. ఆ అరిగిన చోటే అరికాలు జారి, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు కుదురుకుంది. కడుపులోంచి ఏదో కదిలి, గొంతు దాకా వచ్చి, ఇంకొక్క క్షణంలో...

అద్దం మీద టకటక, అక్క. "నిద్రొచ్చిందా మహారాణీ? గ్యాసు సిలిండరు వచ్చింది, లే!"

వచ్చింది వచ్చినట్టే వెనక్కి పోయింది. పోతే పోయింది, దారి తెలిసింది. ఈ సీటు, ఈ బ్రేకు, కొట్టేవాళ్లు లేని ఒక అద్దం. అంతకు మించి ఏమీ అక్కర్లేదని ఆ రోజు నుంచి ఆమె దుప్పట్లు ఉతికింది, సీసాలు కడిగింది, మొహం కూడా కాస్త తేటపడింది.

బయలుదేరే రోజు పొద్దున బావ ఆమెను పెరట్లోకి పిలిచాడు. కారు కడిగి మెరిపించి ఉంది. పక్క సీటు మీద కొత్త ఫోము పరుపు, కింద కొత్త రబ్బరు చాప. పెడళ్లు లేవు.

"ఎలా ఉంది? మెకానిక్కు చిటికెలో పీకేశాడు. నీ సుఖం కోసమేనమ్మా" అన్నాడు బావ. కాస్త ఆగి, "ఎలాగూ రెండు బ్రేకుల కారు ఎవడు కొంటాడు చెప్పు" అని కూడా అన్నాడు.

ఆమె వంగి చాప ఎత్తింది. కింద ఇనుప రేకుకు బోల్టుల కన్నాలు ఉన్నాయి.

"అవి ఏవి?"

"ఏవి?"

"బ్రేకు."

"పాత ఇనుము వాడికి వేసేశాం. మా టీలకు వచ్చింది. ఆయన చివరి టీ అనుకో!"

"నోట్లో ముత్యాలున్నాయా?" అంది అక్క గుమ్మంలోంచి. "మీ బావ అంత శ్రమపడితే ఒక మంచి మాట అనవే."

"మంచిది బావా" అంది మాస్టారమ్మ.

అయినా వెళ్లింది. ఇంట్లో ఉండి మాత్రం ఏం చేస్తుంది? జీవితంలో మొదటిసారి పక్క సీటు ఖాళీగా పెట్టుకుని నడిపింది. మైదానానికి దిగే వాలులో ఒక లారీ వెనక్కి వస్తుంటే తనే తొక్కింది, తనే ఆపింది, ఆపాక అలవాటుగా ఎడమ వైపు చూసింది. "వెనక్కి తీయి" అనేవాళ్లు లేరు. పరుపు మాత్రం ఉంది.

చీకటి పడ్డాక నల్లగుడ్డలు తగిలించి, ఒక అద్దం వేలంత దించి, సీటు పడగొట్టి పడుకుంది. నిజం చెప్పాలంటే అంత సుఖమైన పక్క ఆమె ఎరగదు. నడుము కింద మెత్తగా ఉంది. కాళ్లు చాపింది. ఇంకా చాపింది. ఎక్కడా ఏదీ తగల్లేదు. మిగతా కార్లన్నీ దూరంగా ఉన్నాయి, ఎవరూ తలుపు బాదరు. ఏడుద్దామని నోరు తెరిచింది. ఆవలింత వచ్చింది.

తెల్లారి లేచి, మొద్దులా నిద్రపోయినందుకు అద్దంలో తన మొహం తనే చూసుకోలేకపోయింది.

ఇంటికి వచ్చేసరికి గేటు దగ్గర ముగ్గురున్నారు. అక్క, బావ, ఇస్త్రీ చొక్కాలో ఒక భారీ మనిషి. కారు కొనడానికి వచ్చాడు.

"ఏడ్చావా?" అని అడిగింది అక్క ముందుగా.

"లేదే."

"పెట్రోలు దండగ. దిగకు, దిగకు. ఆయన్ని ఎక్కించుకుని వీధి చుట్టూ ఒకసారి తిప్పి చూపించు. మీ బావకు రాదు కదా."

కొనేవాడు పక్క సీట్లో కూలబడ్డాడు. పరుపు బాగుందన్నాడు. దుమ్మని అద్దం పైకెత్తుకున్నాడు. మాస్టారమ్మ తన వైపు అద్దం కూడా ఎత్తి కారు కదిలించింది. వీధి మలుపు తిరుగుతుంటే ఒక సైకిలు అడ్డం వచ్చింది. ఆమె బ్రేకు తొక్కింది. అదే క్షణంలో పక్కన చప్పుడైంది. కొనేవాడి కుడికాలు భయంతో లేచి, చాప మీద, ఆ కన్నాలున్న చోటే, గట్టిగా తొక్కింది.

ఆమె ఆ కాలు చూసింది. బూటు అంచు చాపలోకి దిగి ఉంది.

అప్పుడు వచ్చింది. అడిగినప్పుడు రానిది, పరుపు వేసి పిలిచినా రానిది, వీధి మధ్యలో, ముక్కూమొహం తెలియని మనిషి పక్కన, పేగులు తెంచుకుని వచ్చింది. నోరు తెరిచి, తలుపులు మూసిన కారు దద్దరిల్లేట్టు ఏడ్చింది. చేతులు మాత్రం స్టీరింగు వదల్లేదు.

"అమ్మా, ఏమైందమ్మా? ఆపండి! ఆపండమ్మా!"

ఆపలేదు. వీధి చుట్టి గేటు ముందుకు వచ్చింది. అక్క చేతులూపుతూ ఏదో అంటోంది. బావ, "బేరం! బేరం!" అంటున్నట్టున్నాడు. అద్దాలు మూసి ఉన్నాయి, లోపలికి ఒక్క మాట రాలేదు. అక్క అద్దం కొట్టడానికి చెయ్యెత్తేలోపు కారు దాటిపోయింది. మాస్టారమ్మ ఏడుస్తూనే రెండో చుట్టుకు మలుపు తిప్పింది. పక్కన కొనేవాడు డ్యాష్‌బోర్డు పట్టుకుని, మలుపు మలుపుకీ ఆ ఖాళీ చోట కాలితో తొక్కుతూనే ఉన్నాడు.