బదులు రాని సలాం

మదర్సా టీచర్లకు ఫోన్‌లో పాఠం చెప్పడం నేర్పే పని ఒప్పుకున్నాకే, నా ఓపిక ఎంత తక్కువో నాకు తెలిసొచ్చింది. వారానికో రోజు అమలాపురంలో అందరం ఎదురెదురుగా కూర్చునే క్లాసు, మిగతా రోజులు సాయంత్రం ఎవరింట్లో వాళ్లు ఫోన్ ముందు.

మామిడికుదురు నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. ఊరంతా ఆయన్ని హజరత్ గారనే పిలుస్తుంది. అమలాపురంలో ముందు వరుస వదలని మనిషి, ఫోన్ క్లాసులోకి మాత్రం ఇలా వచ్చి అలా వెళ్లిపోయేవారు. నాకు ఒళ్లు మండేది. ఆఖర్న పిల్లలకు ఫోన్‌లో ఒక పాఠం చెప్పి చూపించాలి. అది చేతకాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని వాళ్ల మదర్సా కమిటీ ముందే చెప్పేసింది. ఆ సంగతి తెలిసీ ఇంత నిర్లక్ష్యమా?

గట్టిగా నాలుగు దులిపేద్దామనే ఆటో ఎక్కి మామిడికుదురు వెళ్లాను. ఆయన కొబ్బరి బోండాం కొట్టించి ఇచ్చి, నెమ్మదిగా చెప్పారు.

"రోజూ వచ్చేనమ్మా. సలాం చెప్పేను. ఒక్కరూ పలకలేదండి. సలాం చెప్తే బదులు చెప్పి తీరాలి మాకు. చెప్పలేదంటే నేనక్కడ ఉండడం వాళ్లకిష్టం లేదనే కదండీ. ఎందుకులే అని వచ్చేసేను."

ఆయన ఫోన్ తీసుకుని క్లాసు తెరిచాను. క్లాసులోకి వచ్చేవాళ్ల మైకులన్నీ మూసే ఉంచాలని పైనుంచి ఆర్డరు. ఆయన సలాం ఆయన గది దాటనే లేదు. మైకు బొమ్మ మీది ఎర్ర గీత చూపించి, దాన్ని నొక్కితేనే మాట వెళ్తుందని చెప్పాను.

"ఆయ్, అయితే వాళ్లకి వినపళ్లేదన్నమాట" అని నవ్వేశారాయన. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

పరీక్ష రోజు, ఎవరు పాసో తేల్చే ఆఫీసరు నా పక్కన కూర్చుని ఫోన్ చూస్తున్నారు. పాఠానికి ఇచ్చిన సమయమే కాస్త. హజరత్ గారేమో లోపలికొచ్చిన ప్రతి పిల్ల సలాంకీ పేరుపెట్టి బదులు చెబుతున్నారు. ఆఫీసరు వాచీ చూసుకుంటున్నారు. మొదలెట్టండి మహానుభావా అని లోలోపల మొత్తుకుంటున్నాను.

చివరగా వచ్చిన పాప పెదాలు కదిలాయి, మాట రాలేదు. పుస్తకం తెరవబోతున్న ఆయన చెయ్యి ఆగింది.

"బేటీ, నీ మైకు మీద ఎర్ర గీత ఉంది చూడు. అది నొక్కి మళ్లీ చెప్పు. నీ సలాం నాకు అందలేదు."

పాప నొక్కింది. సలాం వినపడింది. ఆయన బదులు చెప్పి, అప్పుడు పుస్తకం తెరిచారు.

ఆఫీసరు ఆయన పేరు పక్కన టిక్కు పెట్టేశారు. పాఠం ఇంకా మొదలే కాలేదు.