మా పెద్దాడి ఫొటో ఎందుకివ్వలేదంటే

మా పెద్దాడు పోయేడు. మాఘమాసంలో, తెల్లారుతుండగా, పెరటి పంచలో మంచం మీద. కాలి ఎముకలో పుట్టిన కేన్సర్ ఊపిరితిత్తుల్లోకి పాకింది. పాడె ఇంకా లేవనేలేదు, వీధిలో నిలబడ్డవాళ్ళలో ఎవరో అననే అన్నారు: "గంజాయి తాగితే కేన్సర్ రాక ఇంకేమొస్తుందండీ!"

ఆ మాట నా చెవిన పడింది. అప్పుడు ఏడుస్తున్నాను కాబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. నేను చదివింది నాలుగో తరగతి. అయినా ఇది నేనే రాయాలి, ఇంకెవరూ రాయరు.

మావాడు కొబ్బరి దింపుకి వెళ్ళేవాడు. కాళ్ళకి తాడు బంధం వేసుకుని, నడుముకి కత్తి దోపుకుని, మనం తలెత్తి చూసేలోపల చెట్టు కొసన మొవ్వు దగ్గర ఉండేవాడు. మా పెరట్లో చెట్టెక్కితే పి.గన్నవరం రోడ్డూ, కాలవ గట్టూ అంతా వాడికి కనపడేది. అక్కణ్ణుంచే కేకేసేవాడు.

"అమ్మా! మావయ్య ఆటో దిగేడు. చారులో నీళ్ళు పొయ్యి!"

మా అన్నయ్య సంచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "ఏమ్మా, నీ కొడుకు నా రాక ఊరందరికీ చాటింపు వేస్తున్నాడు. ఆ నీళ్ళ చారు కోసమేనా నేనొచ్చింది?" అనేవాడు. మావాడు చెట్టు దిగుతూనే, "చిక్కగా కావాలంటే చెప్పి రావాలి మావయ్యా" అనేవాడు.

కాయల రాశిలో మొలకొచ్చినది కనిపిస్తే పగలగొట్టి, లోపలి కొబ్బరి పువ్వు తువ్వాల్లో చుట్టి నాకోసం తెచ్చేవాడు. "ఎవరికీ చూపించకు, తినేసెయ్" అనేవాడు. ముప్పై ఏళ్ళు కూడా నిండని పిల్లాడు, నన్ను చిన్నపిల్లని చేసేవాడు.

గంజాయి తాగేవాడా అంటే, తాగేవాడు. దాచడానికేం లేదు. సాయంత్రం పని అయ్యేక జతగాళ్ళతో గోదావరి లంకలోకి పోయి చిలుం పీల్చి వచ్చేవాడు. ఎర్ర కళ్ళేసుకుని కంచం ముందు కూర్చుంటే ఎన్నిసార్లు ఈనెల చీపురు తీసేనో.

"ఒళ్ళు నొప్పులకి తాగేనమ్మా. తిట్టేది తిట్టు, కూర మాత్రం ఇంకాస్త వెయ్యి."

"మీ నాన్నకి లేవురా ఒళ్ళు నొప్పులు? ఆయన తాగుతున్నాడా?"

"నాన్న చెట్టెక్కడు కదమ్మా."

ఆ అలవాటు నాకు ఏనాడూ నచ్చలేదు. పోలీసులు పట్టుకుంటారేమోనని, తల తిరిగి చెట్టు మీంచి పడతాడేమోనని భయపడేదాన్ని. తాగి మాత్రం ఎప్పుడూ చెట్టెక్కలేదు. అది వాడు పెట్టుకున్న నియమం.

ఒక ఏడు మోకాలి కింద వాపొచ్చింది. ఎప్పుడో చెట్టు దిగుతూ జారినప్పటి బెణుకనుకున్నాం. దింపు పనివాళ్ళలో కాలు నొప్పి లేనివాడెవరు? పట్టు వేసేం, కట్టు కట్టించేం. తగ్గలేదు. అమలాపురంలో ఎక్సరే తీసి, విశాఖపట్నం తీసుకెళ్ళమన్నారు.

అక్కడ ఆసుపత్రిలో మందులెక్కించే గదిలో మా పక్క మంచం మీద ముమ్మిడివరం నుంచి వచ్చిన పిల్ల ఉండేది. ఇంకా పరికిణీలు కట్టే వయసు. మావాడికున్నట్టే కాలిలోనే, అదే జబ్బు. మందులకి ఇద్దరి జుట్టూ ఊడిపోయింది. "మనిద్దరికీ అప్పనపల్లి గుండు మొక్కు తీరిపోయిందే చెల్లీ, బస్సు ఖర్చు కూడా లేదు" అనేవాడు. ఆ పిల్ల నవ్వితే వాళ్ళమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేది.

ఒకరోజు డాక్టరమ్మని నేనే అడిగేసేను. "అమ్మా, మావాడు గంజాయి తాగేవాడండి. దానివల్లే వచ్చిందాండి?"

ఆవిడ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. "చూడమ్మా, పొగ ఏదైనా ఒంటికి మంచిది కాదు. గంజాయి వల్ల ఏ కేన్సర్ వస్తుంది, ఏది రాదు అన్నది ఇంకా సరిగ్గా తేలలేదు. ఈ ఎముకల జబ్బు మాత్రం చాలామందికి ఎందుకొస్తుందో మాకే తెలీదు. ఏ పాపం ఎరగని పిల్లలకీ వస్తుంది. నీ కొడుక్కి దానివల్లే వచ్చిందని నేను చెప్పలేను" అన్నారు.

అంత చదువుకున్న మనిషి తెలీదు అన్నారు. మా వీధిలో మాత్రం అందరికీ తెలుసు.

మా వైపు పెద్దకర్మ నాడు పోయినవాళ్ళకి ఇష్టమైనవి విస్తట్లో పెడతారు. మా మావగారి విస్తట్లో లంక పొగాకు చుట్టలూ, కల్లు ముంతా పెట్టేం. ఆయన గొంతులో పుండు పడి, మంచినీళ్ళు దిగక పోయేరు. చుట్ట వల్ల పోయేడని ఒక్కరూ అనలేదు. దర్జాగా బతికిన మనిషన్నారు. మావాడి విస్తరి వేసినప్పుడు వరసకి బావగారొకాయన నలుగురికీ వినపడేలా అన్నారు:

"మరి నీ కొడుక్కి పొట్లం ఎక్కణ్ణుంచి తెస్తావమ్మాయ్?"

ఇద్దరు ముగ్గురు నవ్వేరు. నేను విస్తరి ముందునుంచి లేవలేదు.

"పొట్లం అక్కర్లేదండి బావగారూ, వాడికి అంతకంటే ఇష్టమైనవున్నాయి. మావగారి విస్తట్లో చుట్టలు సర్దింది తమరే కదండీ. ఆయన గొంతెందుకు పోయిందని ఆ వేళ అడగలేదేం?"

ఆయన కండువా దులుపుకుని అటు తిరిగేరు. నేను ఒక కొబ్బరి పువ్వు పెట్టి, పక్కన దొప్పలో చారు పోసేను. నీళ్ళు పోసిన చారే.

తరవాత కొన్నాళ్ళకి మా ఊరి ప్రెసిడెంటు గారు ఇంటికొచ్చేరు.

"అక్కయ్యగారూ, మీవాడి ఫొటో ఒకటి ఇప్పించండి. హైస్కూలు దగ్గర ఫ్లెక్సీ కడుతున్నాం. గంజాయి తాగి కేన్సరొచ్చి పోయేడని వేస్తే కుర్రాళ్ళకి భయం ఉంటుంది."

"ఆయ్, గంజాయి వద్దని తప్పకుండా వెయ్యండి. మతి చెడుతుందని వెయ్యండి, జైల్లో పడతారని వెయ్యండి. కావాలంటే నేనే వచ్చి చెప్తాను. కేన్సర్ మాట మాత్రం తీసెయ్యండి."

"అది తీసేస్తే ఇంకేముందండీ అందులో? అందరూ అంటున్నదే కదా!"

"డాక్టరమ్మ అనలేదండి. మావాడి పక్క మంచం మీద ముమ్మిడివరం పిల్లుండేది. ఆ పిల్ల ఫొటో కూడా పక్కనే వేస్తారా? ఏం తాగిందని రాస్తారు?"

ఆయన బండి తాళాలు చేతిలో తిప్పుకుంటూ గుమ్మంకేసి చూసేరు.

"రేపు ఆ కుర్రాళ్ళలోనే ఒకడికి కాలు వాస్తుందనుకోండి. నేను తాగలేదు కదా, నాకెందుకొస్తుందని ఇంట్లోనే కూర్చుంటాడండి. వాడికేం చెప్తారు మీరు? మావాడు తాగేడు, అది నిజం. దానికి నేనే సాక్ష్యం. దానివల్లే పోయేడన్నది మీరు పుట్టించిన మాట. ఆ మాట కింద నా కొడుకు మొహం ఉండడానికి వీల్లేదండి."

మజ్జిగ ఇచ్చేను. తాగి, గ్లాసు బోర్లించి, చెప్పులేసుకుని వెళ్ళిపోయేరు. ఫ్లెక్సీ కట్టేరు, కేన్సర్ మాటా ఉంచేరు. ఫొటో బదులు పుర్రె బొమ్మ వేసేరు. ఆ పుర్రెకి తల్లి ఉంటే ఆవిడా ఒప్పుకునేది కాదు.

ఆ రోజు ప్రెసిడెంటు గారి మోటార్‌సైకిలు గుమ్మం ముందు ఆగేదాకా ఆయన వస్తున్నట్టు నాకు తెలీలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా అంతే. పొయ్యి మీద చారు మరుగుతుంటుంది. రోడ్డు మీద ఆటో ఆగిన చప్పుడైతే నీళ్ళ చెంబు చేత్తో పట్టుకునే పెరట్లోకొచ్చి చెట్టు మొవ్వుకేసి చూస్తాను. మట్టలు ఊగుతుంటాయి. ఎవరు దిగేరో, ఎన్ని నీళ్ళు పొయ్యాలో చెప్పేవాళ్ళు లేరు.